తాజా బేగల్‌ని టోస్ట్ చేయొద్దు

బేగల్ అంటే మధ్యలో కన్నం ఉండే గుండ్రటి బ్రెడ్డు, ఓవెన్‌లోంచి దిగి రెండు మూడు గంటలు కూడా కాని బేగల్‌ని టోస్టర్‌లో పెట్టకూడదు. ఈ మాట మీద మా ఆఫీసులో నేను ఎంతమందితో వాదించానో లెక్కలేదు. శుక్రవారం పొద్దున బేగల్స్ పెట్టె వస్తుంది, వచ్చిన రెండు నిమిషాల్లో టోస్టర్ ముందు లైన్ కడతారు, అందులో సగం మంది మన తెలుగువాళ్లే. పెట్టె మీద చెయ్యి వేస్తే ఇంకా గోరువెచ్చగా తగులుతూ ఉంటుంది, అయినా సరే టోస్టర్‌లో పెట్టాల్సిందే. ఎందుకండీ అంటే "బేగల్ అంటే టోస్ట్ చేసుకునే కదా తింటారు" అంటారు. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో ఎవరికీ తెలీదు, అమెరికా వచ్చిన మొదటి వారంలో ఎవరో చేస్తుంటే చూసి మనమూ అలాగే చేసేస్తున్నాం. నేనుండేది న్యూజెర్సీలో, బేగల్ విషయంలో ఇంతకంటే అదృష్టమైన చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ. ఇక్కడ ఉండి కూడా సూపర్‌మార్కెట్ ప్యాకెట్‌ని తిన్నట్టే దీన్నీ తింటుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అసలు బేగల్ ఎలా తయారవుతుందో తెలిస్తే సగం వాదన అక్కడే తేలిపోతుంది. పిండి మామూలు బ్రెడ్డు పిండి కాదు, ప్రొటీన్ దాదాపు 14 శాతం ఉండే గట్టి గోధుమ పిండి. నీళ్లు తక్కువ పోస్తారు, పిండి బరువులో సగం, సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. అందుకే ముద్ద చాలా బిరుసుగా ఉంటుంది, ఇంట్లో మిక్సర్‌లో వేస్తే మోటార్ మూలుగుతుంది. దాన్ని తాళ్లలా చేసి, వేళ్ల చుట్టూ తిప్పి, అతికించి, చలిగా ఉండేచోట రాత్రంతా ఉంచుతారు. ఆ రాత్రంతా ఈస్ట్ మెల్లగా పనిచేస్తుంది కాబట్టి రుచి లోపల పుడుతుంది. కాల్చాక పైన చిన్న చిన్న బుడగలు కనిపిస్తాయి చూశారా, అవి కూడా ఈ చలి నిద్ర వల్లే వస్తాయి. పొద్దున్నే వాటిని మరిగే నీళ్లలో వేస్తారు, అర నిమిషమో నిమిషమో. న్యూయార్క్‌లో అయితే ఆ నీళ్లలో బార్లీ మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీతో చేసిన తియ్యటి పాకం కలుపుతారు, కెనడాలోని మాంట్రియల్‌లో తేనె. నీళ్లలో పడగానే పైన ఉన్న స్టార్చ్ ఉడికి, జిగురుగా పొర కట్టేస్తుంది. ఆ పొర కట్టాక ఓవెన్‌లో పెడితే బ్రెడ్డులాగా ఇష్టం వచ్చినట్టు ఉబ్బడానికి వీలుండదు, లోపల దట్టంగా, సాగుతూ ఉండిపోతుంది, పైన మాత్రం నిగనిగలాడుతూ పల్చగా కరకరలాడే తొడుగు ఏర్పడుతుంది.

ఈ రెండూ కలిసి ఒకే కొరుకులో ఉండాలి, పైన పటుక్కుమనడం, ఆ వెంటనే లోపల సాగుతూ నమలాల్సి రావడం. బేగల్ గొప్పతనం అంతా ఇదే, ఇంకేం లేదు, పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్, మాల్ట్ తప్ప అందులో ఏముంది కనుక. పైగా ఇది చాలా కొద్దిసేపే ఉంటుంది. లోపలి తడి మెల్లగా బయటికి వస్తూ పై పొరని మెత్తబరుస్తుంది, కొన్ని గంటలు గడిచేసరికి కరకర పోయి తోలులా సాగడం మొదలవుతుంది.

ఇప్పుడు ఆ తాజా బేగల్‌ని మధ్యకి కోసి టోస్టర్‌లో పెడితే ఏమవుతుంది? కోసిన ముఖం, అంటే సాగుతూ మెత్తగా ఉండాల్సిన భాగం, ఎండి గట్టిపడుతుంది. బయటి పొర ఇంకాస్త ఎండి అంగిలికి గీసుకుంటుంది. పైనా కరకర, లోపలా కరకర, మధ్యలో ఎక్కడో కాస్త వేడి పిండి. రాత్రంతా చలిలో ఉంచి, ఉడకబెట్టి, కాల్చి, కష్టపడి తెచ్చిన ఆ తేడా మొత్తం రెండు నిమిషాల్లో పోతుంది. మాడిన వాసన ఒకటి వస్తుంది, అది బాగానే ఉంటుంది, కాదనను, కానీ ఆ వాసన అన్ని బ్రెడ్లకీ ఒకటే. మాల్ట్ తియ్యదనం, రాత్రంతా పులిసిన రుచి దాని కింద పడి మాయమైపోతాయి. పది డాలర్ల బేగల్ శాండ్‌విచ్ కొని సూపర్‌మార్కెట్ బ్రెడ్డు రుచి చూడటం నాకు అస్సలు నచ్చదు.

క్రీమ్ చీజ్ సంగతి ఇంకో బాధ. క్రీమ్ చీజ్ చల్లగా, మందంగా ఉండాలి, పళ్లు దిగినప్పుడు దాని చల్లదనం తెలియాలి. వేడి టోస్ట్ మీద రాస్తే కరిగి, మధ్య కన్నంలోంచి కారి, వేళ్ల మీదకి వచ్చి, కాగితమంతా తడిపేస్తుంది. లాక్స్ తినేవాళ్లకి అయితే మరీ ఘోరం, పల్చగా కోసిన ఆ సామన్ చేప చల్లగా ఉంటేనే నోట్లో వెన్నలా జారుతుంది, వేడి తగిలితే నూనె పైకి తేలి చేప వాసన బయటపడుతుంది. కేపర్లు (ఊరబెట్టిన చిన్న పూమొగ్గలు), ఉల్లిపాయ, టమాటా, అన్నీ చల్లటివే. చల్లటివన్నీ మోయడానికి కింద గది వేడిలో ఉన్న బేగల్ ఉండాలని ఈ తిండిని కట్టినవాళ్లకి బాగా తెలుసు.

మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, పొద్దున మిగిలిన ఇడ్లీలని సాయంత్రం చిదిపి పోపేసుకుంటాం, అద్భుతంగా ఉంటుంది, నాకు చాలా ఇష్టం. అలాగని కుక్కర్‌లోంచి అప్పుడే దించిన ఇడ్లీని ఎవరైనా చిదిపి పోపేస్తారా? పోపు మిగిలిన ఇడ్లీకి, టోస్టర్ మిగిలిన బేగల్‌కి.

మరి ఈ అలవాటు ఎలా వచ్చింది? బేగల్ పోలండ్ యూదులది. క్రాకోవ్ యూదు సంఘం 1610లో రాసుకున్న నియమాల్లో దాని ప్రస్తావన ఉంది. ప్రసవం జరిగిన ఇంటికి ఇచ్చే వాటిలో బేగల్ ఒకటి. అక్కడినుంచి వలస వచ్చినవాళ్లతో న్యూయార్క్ చేరింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో న్యూయార్క్‌లో బేగల్ చేసేవాళ్లకి సొంత యూనియన్ ఉండేది, లోకల్ 338. దాదాపు మూడు వందల మంది, పని ఎక్కువగా వారసత్వంగా కొడుకులకీ మేనల్లుళ్లకీ దక్కేది, యూనియన్ వ్యవహారాలు తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో నడిచేవి. నేలమాళిగల్లో రాత్రిపూట పని. ఇద్దరు బల్ల దగ్గర పిండి చుట్టేవాళ్లు, ఒకరు మరిగే నీళ్ల దగ్గర, ఒకరు ఓవెన్ దగ్గర. తెల్లారేసరికి బేగల్స్ దుకాణాలకి వెళ్లిపోయేవి, ఆ రోజువి ఆ రోజే తినేవాళ్లు. 1951 డిసెంబరులో సమ్మె జరిగి నగరంలోని 34 బేకరీల్లో 32 మూతపడితే జనం అల్లాడారు, పత్రికలు బేగల్ కరువని రాశాయి. నిలవ పెట్టుకుని తినే వస్తువైతే అంత గొడవ ఎందుకు అవుతుంది?

తర్వాత రెండు జరిగాయి. డేనియల్ థాంప్సన్ అనే ఆయన బేగల్ చుట్టే మెషిన్ తయారు చేశాడు. కనెటికట్‌లోని న్యూ హేవెన్‌లో లెండర్స్ అనే బేకరీ, పోలండ్‌లోని లుబ్లిన్ నుంచి వచ్చిన హ్యారీ లెండర్ 1927లో పెట్టింది, ఆ మెషిన్‌ని 1963లో అద్దెకి తీసుకుంది. ఆయన కొడుకులు బేగల్స్‌ని గడ్డకట్టించి ప్యాకెట్లలో దేశమంతా అమ్మడం మొదలుపెట్టారు, 1984లో క్రాఫ్ట్ కంపెనీ ఆ వ్యాపారాన్ని కొనేసింది. బేగల్ అంటే ఏమిటో తెలియని ఊళ్లకి కూడా దాన్ని చేర్చిన ఘనత వాళ్లదే, అందులో సందేహం లేదు. కానీ ఫ్రీజర్లోంచి తీసిన రాయిలాంటి బేగల్‌ని ఏం చేస్తాం? టోస్టర్‌లో పెడతాం, పెట్టక తప్పదు. అమెరికాలో కోట్లమంది బేగల్‌ని మొట్టమొదట చూసింది అలాగే, టోస్టర్‌లోంచి పైకి లేస్తూ. అందుకే వాళ్ల మనసులో టోస్ట్ చేయడం బేగల్ తయారీలో ఆఖరి మెట్టులా ఉండిపోయింది. తాజా బేగల్ దొరికే షాపులోకి వచ్చినా ఆ అలవాటు వాళ్లతోనే వచ్చింది, కౌంటర్ వెనక కుర్రాడు కూడా పేరు అడిగినట్టు "టోస్టెడ్?" అని అడిగేస్తాడు, మనం తల ఊపేస్తాం.

అడగని షాపులూ ఉన్నాయి. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో మర్రేస్ బేగల్స్ చాలా ఏళ్లు టోస్ట్ చేయం అనే నియమం పెట్టుకుని నడిచింది. బ్రూక్లిన్ పార్క్ స్లోప్‌లో బేగల్ హోల్ అనే చిన్న దుకాణం కూడా అంతే. 2020 జనవరిలో, బేగల్ దినోత్సవం రోజున, అప్పటి న్యూయార్క్ మేయర్ బిల్ డి బ్లాసియో ఆ దుకాణం పేరు చెప్పి, హోల్ వీట్ బేగల్ టోస్ట్ చేయించుకుని ఎక్స్‌ట్రా క్రీమ్ చీజ్‌తో తింటానని ట్వీట్ చేశాడు. ఊరు ఊరంతా మీద పడింది. తాజా బేగల్‌ని టోస్ట్ చేస్తావా అని కొందరు, ఆ షాపులో అసలు టోస్ట్ చేయరు కదా అని ఇంకొందరు. ఆ ట్వీట్ తీసేసి, టోస్ట్ మాట లేకుండా మళ్లీ పెట్టాల్సి వచ్చింది. బయటివాళ్లకి ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు, నాకు మాత్రం ఆ నగరం మీద గౌరవం పెరిగింది. తమ ఊరి తిండి ఎలా ఉండాలో పట్టించుకునే జనం ఉన్నంతకాలం ఆ తిండి బతుకుతుంది.

పన్ను సంగతి కూడా చెప్పాలి, చాలామందికి తెలియదు. న్యూయార్క్ రాష్ట్రంలో బేగల్‌ని కోయకుండా ఉత్తిదే కొని ఇంటికి పట్టుకెళ్తే సేల్స్ ట్యాక్స్ లేదు, అది కిరాణా సరుకు కింద లెక్క. అదే బేగల్‌ని షాపువాడు కోసినా, టోస్ట్ చేసినా, క్రీమ్ చీజ్ రాసినా అది వండిన తిండి అయిపోతుంది, ట్యాక్స్ పడుతుంది, న్యూయార్క్ నగరంలో అయితే 8.875 శాతం. కాబట్టి ఉత్త బేగల్ కొనుక్కుని కాగితం సంచిలో పట్టుకెళ్లి ఇంట్లో కోసుకోవడం రుచికీ మంచిది, జేబుకీ మంచిది.

"వేడిగా తినడం మన అలవాటు కదా" అనే వాదన మనవాళ్ల దగ్గర నేను ఎక్కువగా వినేది. దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఇదే పట్టుదల, పొగలు రాకపోతే అది టిఫిన్ కాదని. సరే కదా అని ఆయన అడిగినట్టే టోస్ట్ చేయించి ఇస్తే రెండు ముక్కలు తిని పక్కన పెట్టేశారు, అంగిలి గీసుకుపోతోంది, దవడలు నొప్పి పుడుతున్నాయి అని. పెద్దవాళ్లకి టోస్ట్ చేసిన బేగల్ ఇంకా కష్టం, అది ఎవరూ ఆలోచించరు. తర్వాత ఆదివారం పొద్దున్నే ఆయన్ని షాపుకే తీసుకెళ్లాను. ట్రేలో కొత్త వాయి దిగేదాకా నిలబడి, అందులోంచి నువ్వుల బేగల్ ఒకటి ఇప్పించాను, కోయించలేదు, ఏమీ రాయించలేదు. "ఇది తినండి నాన్నా, చేత్తో తుంచుకుని" అన్నాను. కారులో ఇంటికొచ్చేలోపు మొత్తం తినేశారు, ఇంకోటి తెచ్చావా అని అడిగారు. ఆయనకి కావాల్సిన వేడి అందులోనే ఉంది. వేడి కావాలంటే వేడివి ఏ టైముకి దిగుతాయో కనుక్కోవాలి, టోస్టర్ ఇచ్చే వేడి ఎండగొట్టే వేడి.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది, ఓవెన్‌లోంచి తీసిన క్షణంలోనే కోసేయకూడదు. లోపలి భాగం అప్పటికింకా కుదురుకోదు, కత్తి పెడితే జిగురుగా అతుక్కుంటుంది. ఓ పావుగంట, ఇరవై నిమిషాలు ఆగితే చాలు, వెచ్చదనం ఉంటుంది, తెగడం కూడా శుభ్రంగా తెగుతుంది. ఆగలేకపోతే తుంచుకుని తినండి, అందులో తప్పేం లేదు.

మాంట్రియల్‌లో అదే చేస్తారు. అక్కడి బేగల్ సన్నగా, కాస్త తియ్యగా, కన్నం పెద్దదిగా ఉంటుంది, కట్టెల పొయ్యిలో కాలుస్తారు. ఫెయిర్‌మౌంట్, సెయింట్ వియాటర్ అని రెండు పేరున్న బేకరీలు, సెయింట్ వియాటర్ 1957 నుంచి ఉంది. పొడవాటి చెక్క పలక మీద వరసగా బేగల్స్‌ని పొయ్యిలోంచి లాగి పళ్లెంలోకి వంపుతుంటారు, జనం డజన్ కొని అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబడి సంచిలోంచి ఒకటి తీసి కొరుక్కుంటూ నడుస్తారు. అంత చలిలో, వేడి అవసరం నిజంగా ఉన్న చోట, ఎవరికీ టోస్టర్ గుర్తురాదు. క్రాకోవ్ వీధుల్లో బండ్ల మీద అమ్మే ఒబ్వజానెక్ కూడా నీళ్లలో ముంచి కాల్చేదే, బేగల్‌కి దగ్గర బంధువు, దానికి 2010లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అదీ అంతే, బండి దగ్గర కొని చేత్తో పట్టుకుని తినేయడమే.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి, బేగల్ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి ఈ వాదన వర్తించదు. చాలా చైన్ షాపుల్లో, సూపర్‌మార్కెట్లలో నీళ్లలో ఉడకబెట్టరు, ఓవెన్‌లోనే ఆవిరి కొట్టి కాల్చేస్తారు. చూడ్డానికి లావుగా, మెత్తగా, ముద్దుగా ఉంటాయి, వేలుతో నొక్కితే లోపలికి పోతుంది. వాటికి కరకరలాడే పొర మొదటినుంచీ లేదు కాబట్టి టోస్టర్ ఇచ్చేదే వాటికి దిక్కు, నిరభ్యంతరంగా చేసుకోండి. అసలైనదైతే నొక్కితే ఎదురు తిరుగుతుంది, పైన మెరుపు ఉంటుంది, చిన్న బుడగలు ఉంటాయి.

ఆఫీసు పెట్టె సంగతి మధ్యరకం. ఆరింటికి కాల్చినవి తొమ్మిదింటికి వస్తే తినేయొచ్చు. పదకొండు దాకా మూత వేసి ఉంచితే లోపలి ఆవిరంతా పైపొరకి పట్టి మెత్తబడిపోతాయి, ఇక వాటిని టోస్ట్ చేసుకుంటామంటే నేను గొడవపడను. తెచ్చేవాళ్లకి నా విన్నపం ఒక్కటే, ప్లాస్టిక్ సంచిలో వేయించకండి, కాగితం సంచి అడగండి, పెట్టె మూత కాస్త తెరిచి ఉంచండి.

మర్నాటికి మిగిలితే మాత్రం దయచేసి ఫ్రిజ్‌లో పెట్టకండి. మన ఇళ్లలో ఏది మిగిలినా ఫ్రిజ్‌లోకే పోతుంది, కానీ బ్రెడ్డు జాతి ఏదైనా బయటకంటే ఫ్రిజ్‌లోనే తొందరగా గట్టిపడుతుంది. స్టార్చ్ మళ్లీ గడ్డలు కట్టడం ఆ చలిలోనే వేగంగా జరుగుతుంది. ఆ రోజు తినలేమనుకుంటే అదే రోజు కోసి, గాలి చొరకుండా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేయాలి. నిన్నటి బేగల్‌కి వేడి నిజంగా పనిచేస్తుంది, దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ గట్టిపడిన స్టార్చ్ మళ్లీ వదులవుతుంది, అందుకే టోస్ట్ చేస్తే ప్రాణం లేచొస్తుంది. టోస్టర్ కంటే మంచి పద్ధతి ఇంకోటుంది, కోయకుండా బేగల్‌ని కుళాయి కింద ఒక్క క్షణం తడిపి, 175 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో ఐదారు నిమిషాలు పెడితే పైన మళ్లీ కరకర వస్తుంది, లోపల మెత్తబడుతుంది. చల్లారితే మళ్లీ బిగుసుకుంటుంది, ముందుకంటే తొందరగా, కాబట్టి వెంటనే తినాలి. టోస్టరే వాడతానంటే చాలావాటి మీద బేగల్ బటన్ ఉంటుంది చూడండి, అది కోసిన వైపు మాత్రమే గట్టిగా కాలుస్తుంది, బయటి వైపు మాడదు. మైక్రోవేవ్ వద్దు, నిమిషం మెత్తగా ఉండి తర్వాత రబ్బరు అయిపోతుంది.

సినమన్ రైజిన్ బేగల్‌కి బటర్ రాసుకునేవాళ్లు మాకు మినహాయింపు ఇవ్వు అంటారు, బటర్ కరగాలి కదా అని. నిన్నటిదైతే ఇచ్చాను. తాజాదైతే లేదు, బటర్‌ని ముందే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టుకుంటే వెచ్చటి బేగల్ మీద అదే కరుగుతుంది.

ఇక షాపులో చేయాల్సింది చాలా చిన్న పని. కౌంటర్ దగ్గరికి వెళ్లగానే ఏం కావాలో చెప్పేయకుండా, ఇప్పుడు వేడివి ఏవి ఉన్నాయి అని అడగండి. వాళ్లకి ఈ ప్రశ్న ఇష్టం, చాలాసార్లు వెనక ట్రేలోంచి తీసిస్తారు. మీరు ఎవ్రీథింగ్ బేగల్ (నువ్వులు, గసగసాలు, ఉల్లి, వెల్లుల్లి అన్నీ చల్లినది) కోసం వెళ్లినా, నువ్వులవి ఇప్పుడే దిగాయంటే నువ్వులవే తీసుకోండి. క్రీమ్ చీజ్ విడిగా చిన్న డబ్బాలో పెట్టించుకోండి. టోస్టెడ్ అని అడిగేలోపే వద్దని చెప్పేయండి.